అడవి ప్రశ్నలు: జింక ముందు ముక్కుతోనే చూస్తుంది

అమెరికాలో వేట సీజన్ మొదలైందంటే ఇక్కడ కూకట్‌పల్లిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో తల్లిదండ్రుల ఫోన్లకు ఫోటోలు రావడం మొదలవుతుంది. నారింజ రంగు కోటు, భుజాన రైఫిల్, వెనక ఆకు రాలిన అడవి. వాటి వెంటే మాకు ఉత్తరాలు. ఈసారి వచ్చినవి చాలావరకు తెల్లతోక జింక గురించే, అంటే అమెరికన్లు వైట్‌టెయిల్ అనే జింక. మిగతావి మన దుప్పుల గురించి, కృష్ణజింకల గురించి. ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడ వేట గురించి రాసిందంతా అమెరికాకే వర్తిస్తుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏ జింకనైనా వేటాడటం నేరం. ఇందులో సందేహానికి తావే లేదు.

మా అబ్బాయి పెన్సిల్వేనియాలో హెచ్‌1బీ మీద ఉన్నాడు. ఆఫీసు స్నేహితులు జింకల వేటకు రమ్మంటున్నారట. తుపాకీ పట్టుకుంటే వీసాకు ఏమైనా అవుతుందా? అయినా అక్కడ ఒప్పైన పని ఇక్కడ తప్పెలా అయింది? (కూకట్‌పల్లి)

మీ భయంలో అర్థం ఉంది. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మీ అబ్బాయికి పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. కాబట్టి వరస తప్పకూడదు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. ‘స్నేహితుడిదే కదా, ఒకసారి గురి చూసి ఇచ్చేస్తాను’ అనుకోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. తుపాకీ ఎవరిదైనా, చేతిలోకి వచ్చాక చట్టం వర్తిస్తుంది.

ఇంకో గొయ్యి కూడా ఉంది. పెన్సిల్వేనియా లైసెన్స్ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. సీజన్ అయిపోయింది కదా అని లైసెన్స్ మళ్లీ తీసుకోకుండా రైఫిల్ మాత్రం అల్మారాలో ఉంచితే, జులై 1 నుంచి ఆ మినహాయింపు ఉండదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఏదేమైనా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి అడుగు వేయమనండి. ఆ ఫీజు దండగ కాదు. విల్లు ఈ చట్టం కిందికి రాదు. అందుకే విల్లుతో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు, అయితే దానికీ లైసెన్స్ తప్పనిసరి.

బట్టల సంగతి. తుపాకీ సీజన్‌లో అక్కడ మెరిసే నారింజ రంగు తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాలు ఉండాలి, ఎటు నుంచి చూసినా కనిపించాలి. ఒక టోపీ, ఒక చేతుల్లేని కోటు వేసుకుంటే సరిపోతుంది. జింకకు ఆ రంగు కనబడిపోదా అని మీరు అడగొచ్చు. జింక కంటికి ఎరుపు, నారింజ వన్నెలు మసకగానే ఉంటాయి. బాగా పట్టేది నీలం. అడవిలో మీ అబ్బాయిని పట్టిచ్చేది నారింజ కోటు కాదు, కింద వేసుకున్న జీన్స్ ప్యాంటు. తెల్లదనం పెంచే డిటర్జెంట్‌తో ఉతికిన బట్టలు కూడా అంతే. అందులోని మెరుపు పదార్థం మన కంటి కంటే జింక కంటికి ఎక్కువ మెరుస్తుంది.

ఇక అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు ఎందుకంటే. 1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు పడిపోయాయి. మాంసం, తోలు అమ్ముకోవడానికి అడ్డూ అదుపూ లేకుండా చంపడమే కారణం. ఆ తర్వాత అమ్మకం ఆపారు, సీజన్లు పెట్టారు. 1937లో వచ్చిన చట్టంతో రైఫిళ్ల మీద, తూటాల మీద వచ్చే పన్ను డబ్బును వన్యప్రాణుల సంరక్షణకే కేటాయించారు. ఇప్పుడా జింకలు 3 కోట్ల దాకా ఉన్నాయి. వాటిని తినే తోడేళ్లు, కొండ సింహాలు మాత్రం చాలా చోట్ల లేవు. వేట లేకపోతే అడవిలో మొలకన్నది మిగలదు. మన దగ్గర లెక్క తలకిందులు. ఒక పెద్దపులికి ఏడాదికి సుమారు 50 జంతువులు కావాలి. ఆమ్రాబాద్‌లో ఆ పులి కంచంలో ఉండేది దుప్పి, కణితి, అడవిపంది. మనిషి అందులో చెయ్యి పెడితే పులి ఊళ్ల మీదికి వస్తుంది.

ఒహాయోలో ఉన్న మా అల్లుడు మూడు వారాలుగా శని, ఆదివారాలు మంచె మీద కూర్చున్నా ఒక్క జింకా రాలేదు. కానీ అక్కడే కట్టిన కెమెరాలో రోజూ రాత్రి కనిపిస్తున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది? (మల్కాజిగిరి)

తప్పు మంచెది కాకపోవచ్చు. మంచె దగ్గరికి నడిచి వెళ్లే దారిలో ఉంటుంది, గాలిలో ఉంటుంది.

జింక కంటితో చూసినదాన్ని ఇంకోసారి చూసి గానీ నమ్మదు. చెవితో విన్నదాన్ని కంటితో సరిచూసుకుంటుంది. ముక్కుకు తగిలిన మనిషి వాసనను మాత్రం ఇంకేమీ అడగకుండానే నమ్మి వెళ్లిపోతుంది. అందుకే అల్లుడుగారు ముందు తెలుసుకోవాల్సింది తన వాసన ఎటు పోతోందో. ఫోన్‌లో వచ్చే వాతావరణం యాప్ ఆ జిల్లా మొత్తానికి గాలి దిశ చెబుతుంది, ఆ చెట్టు దగ్గర గాలి ఎటు తిరుగుతుందో చెప్పలేదు. అక్కడి వేటగాళ్లు మిల్క్‌వీడ్ అనే మొక్క కాయలోని దూది పోచలు జేబులో వేసుకుని వెళ్తారు. మన జిల్లేడు కాయ పగిలితే ఎగిరే దూది లాంటిదే అది, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మంచె మీది నుంచి ఒక్క పోచ వదిలి అది కనుమరుగయ్యేదాకా చూడాలి. మొదటి 10 అడుగులు అనుకున్న వైపే పోతుంది. తర్వాత ఒక చెట్టు దగ్గర సుడి తిరిగి, కిందికి జారి, వాగు వైపు మళ్లుతుంది. జింక వచ్చే దారి ఆ వాగు వెంటే ఉంటే, మూడు వారాల ఎదురుచూపులకు జవాబు ఆ పోచలోనే ఉంది. పౌడర్ చల్లినా గాలి తెలుస్తుంది గానీ అది మూడు నాలుగు గజాల్లోనే కరిగిపోతుంది.

పొద్దున, సాయంత్రం గాలి తీరు వేరు. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పల్లం నుంచి మిట్టకు లేస్తుంది. పొద్దు వాలాక చల్లబడి పల్లంలోకి దిగుతుంది. చలికాలం తెల్లవారుజామున మన చెరువుల లోతట్టున మంచు పేరుకుని ఉండటం చూస్తుంటాం కదా, చల్లగాలి అలాగే దిగి నిలుస్తుంది. కాబట్టి పొద్దున కూర్చోవడానికి మిట్ట మంచిది. సాయంత్రం మిట్ట మీద కూర్చుంటే వాసనంతా కింద మేసే జింకల మీదికే పోతుంది. ఒకే మంచె రెండు పూటలకూ పనికిరావడం అరుదు.

ఇక కెమెరాలో రాత్రి మాత్రమే కనిపించడం గురించి. జింక రోజు చాలా సరళం. ఒకచోట పడుకుని నెమరు వేస్తుంది, ఒకచోట మేస్తుంది, మసక వెలుతురులో ఆ రెండింటి మధ్య నడుస్తుంది. కెమెరా బహుశా మేత దగ్గర ఉంది. పెద్ద పోతులు అక్కడికి చీకటి పడ్డాకే వస్తాయి. మంచెను పడక వైపు కొంత జరపాలి, పడక మీదికి మాత్రం పోకూడదు. పడకలో నుంచి ఒకసారి లేచిపోయిన పోతు మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో చెప్పలేం. వెళ్లే దారి కూడా మేసే పొలం మధ్య నుంచి పోకూడదు. తెల్లవారకముందే టార్చి వేసుకుని మొక్కజొన్న చేను దాటి మంచె ఎక్కుతున్నారంటే, అక్కడ మేస్తున్న జింకలన్నిటినీ తనే తరిమేసి ఖాళీ అడవికి కాపలా కూర్చున్నట్టు. వాగులో నుంచి నడిస్తే మంచిది. ఆకుల చప్పుడూ ఉండదు, నేల మీద వాసనా మిగలదు.

ఒకే మంచె మీద వరసగా కూర్చోవడం ఇంకో తప్పు. కూర్చున్న ప్రతిసారీ వాసన కొంత మిగులుతుంది. రెండు మూడు చోట్లు పెట్టుకుని, ఆ రోజు గాలికి ఏది కుదిరితే అది ఎక్కాలి. ఏదీ కుదరకపోతే ఇంట్లోనే ఉండాలి. మొదట్లో ఇదే కష్టం. సెలవు రోజు వృథా అవుతుందని గాలి కుదరకపోయినా వెళ్తారు, ఆ ఒక్క రోజుతో మంచె చోటు పాడవుతుంది. వాసన పోగొట్టే స్ప్రేల మీద పెట్టే డబ్బు మా దృష్టిలో రెండో మాట. అవి వాసనను తగ్గిస్తాయేమో గానీ లేకుండా చేయలేవు.

చెట్టు సంగతి: ఆ అడవుల్లో తెల్ల ఓక్ గింజలు రాలే చెట్టును వెతకమనండి. ఎర్ర ఓక్ గింజల కంటే వాటిలో వగరు తక్కువ, జింకలు ముందు వాటికే వస్తాయి. నవంబర్ నడుమ అక్కడ జతకట్టే కాలం ముదురుతుంది. అప్పుడు పోతులు ఆడజింకల వెంట పట్టపగలే తిరుగుతాయి. ఈ కాలాన్ని నడిపేది చలి కాదు, తగ్గిపోతున్న పగటి పొద్దు. అందుకే చలి ముందొచ్చినా వెనకొచ్చినా తేదీలు పెద్దగా మారవు. సన్న చెట్ల బెరడు మోకాలి ఎత్తున చెక్కేసి ఉంటే అది పోతు కొమ్ములు రుద్దిన గుర్తు. వేలాడే కొమ్మ కింద నేల గీరి ఉంటే పైనున్న ఆ కొమ్మను చూడండి, చివర నమిలి ఉంటుంది. గీసిన నేల కంటే ఆ కొమ్మే ముఖ్యం. నుదుటి వాసన, కళ్ల దగ్గరి వాసన దానికే అంటిస్తాయి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది. మంచె మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకునేవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటున్నారు. ఒంటికంతా పట్టే హార్నెస్ వేసుకుని, దాని తాడును నేల మీద కాలు లేవకముందే చెట్టుకు కట్టిన భద్రతా తాడుకు తగిలించాలి. ఎక్కాక తగిలిస్తే లాభం లేదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడేవాళ్లే ఎక్కువ. తుపాకీని భుజాన వేసుకుని ఎక్కకూడదు. తూటాలు తీసేసి, గొట్టం నేల వైపు ఉండేలా తాడుతో పైకి లాక్కోవాలి.

మా తమ్ముడు మిషిగన్‌లో విల్లుతో జింకను కొట్టాడట. బాణం తగిలింది, రక్తం కనిపించింది, వెంటనే వెంటపడితే అది దొరకలేదట. అప్పటినుంచి వాడికి నిద్ర పట్టడం లేదు. ఎందుకలా జరిగింది? (నిజాంపేట)

ఆ బాధ ఉండాల్సిందే. ఉన్నవాళ్లే రెండోసారి జాగ్రత్తగా ఉంటారు. మీరు రాసిన వాక్యంలోనే కారణం ఉంది: ‘వెంటనే వెంటపడితే’.

బాణం తగిలిన జింక, ఎవరూ తరమకపోతే, కొంత దూరం పరుగెత్తి పడుకుంటుంది. పడుకున్నచోటే ప్రాణం వదులుతుంది. మనిషి వెనక వచ్చాడంటే ఉన్న సత్తువంతా కూడగట్టుకుని కిలోమీటరు పోతుంది, రక్తం చుక్కలు ఆగిపోతాయి, జాడ తెగిపోతుంది. కాబట్టి కొట్టాక చేయాల్సిన మొదటి పని కదలకుండా ఉండటం. జింక ఎక్కడ నిలబడింది, ఎటు ఉరికింది, చివరిగా ఏ చెట్టు పక్క కనిపించింది, ఈ మూడూ గుర్తుపెట్టుకోవాలి. మంచె మీది నుంచి చూసిన చోటు కిందికి దిగాక ఒకేలా కనిపించదు. అందుకని దిగకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మంచిది.

తర్వాత బాణం దగ్గరికి వెళ్లి చదవాలి. రక్తం గులాబీ రంగులో, చిన్న చిన్న బుడగలతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అరగంట ఆగితే చాలు, తరచూ 100 గజాల్లోపే దొరుకుతుంది. ముదురు ఎరుపుగా, బుడగలు లేకుండా ఉంటే కాలేయం. నాలుగు గంటలైనా ఆగాలి. బాణం జిగురుగా ఉండి, ఆకుపచ్చ, గోధుమ రంగు పసరు అంటుకుని, పేడ కంపు కొడితే పొట్టకు లేదా పేగులకు తగిలినట్టు. ఎనిమిది నుంచి 12 గంటలు. సాయంత్రం కొడితే తెల్లారేదాకా ఆగాలన్నమాట. ఆ రాత్రి కష్టంగానే గడుస్తుంది, అయినా ఆగాలి. ఉరికిన తీరు కూడా కొంత చెబుతుంది. తగలగానే వీపు విల్లులా వంచి, నాలుగడుగులు వేసి, తల వంచి నిలబడితే దాదాపుగా పొట్టే.

వెతికేటప్పుడు రక్తపు జాడ మీద కాలు వేయకూడదు, పక్కగా నడవాలి. ప్రతి చుక్క దగ్గరా ఒక టిష్యూ కాగితం ముక్క పెడుతూ పోతే వెనక్కి తిరిగి చూసినప్పుడు అది పోతున్న దిశ గీతలా కనిపిస్తుంది. చుక్కలు నేల మీద లేకపోతే నడుము ఎత్తున ఆకుల మీద చూడాలి, పక్కటెముకల నుంచి కారే రక్తం అక్కడ పూసుకుంటుంది. జాడ పూర్తిగా ఆగిపోతే దగ్గర్లోని నీళ్లు వెతకాలి. పొట్టకు దెబ్బ తగిలిన జింక నీళ్ల వైపే పోతుంది. తాడు కట్టి నడిపించే జాడ కుక్కలను చాలా రాష్ట్రాల్లో అనుమతిస్తారు. తిరిగి తిరిగి జాడ తొక్కేయకముందే ఆ కుక్కలున్నవాళ్లను పిలవడం మేలు.

ఇదంతా రాకుండా ఉండాలంటే కొట్టే ముందే చూసుకోవాలి. జింక పక్కకు తిరిగి నిలబడాలి, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉండాలి. గురి ముంగాలి వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. ఎదురుగా నిలబడితే బాణం వదలకూడదు. విల్లుతో అయితే 20 గజాలు కొత్తవాడికి చాలు. చెవులు నిక్కబొడుచుకుని బిగుసుకుని చూస్తున్న జింకను అసలు కొట్టకూడదు. వింటినారి చప్పుడుకు అది ఉరకడానికని కాళ్లు వంచి కిందికి కుంగుతుంది, బాణం వచ్చేసరికి ఊపిరితిత్తులు ఉన్నచోట వీపు ఉంటుంది. మీ తమ్ముడి బాణం అలా తప్పి ఉండవచ్చు. తల వంచి మేసేదాకా ఆగడమే దీనికి మందు.

న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి పెరట్లో చిన్న జింకపిల్ల ఒంటరిగా పడుంది. తల్లి కనిపించడం లేదు. పాలు పట్టమంటారా? (ఈసీఐఎల్)

వద్దండీ. తల్లి వదిలేయలేదు, దాచిపెట్టింది. మే చివర, జూన్‌లో పుట్టే పిల్లలు మొదటి వారాల్లో పరిగెత్తలేవు. వాటికి వాసన కూడా చాలా తక్కువ. తల్లి దగ్గరే ఉంటే తన వాసన నక్కలకు దారి చూపిస్తుందని దూరంగా మేస్తూ, రోజుకు కొన్నిసార్లు వచ్చి పాలిచ్చి పోతుంది. పిల్ల మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, కదలకుండా పడుకుంటే అంతా బాగున్నట్టే. ఆవు పాలు పడితే విరేచనాలు పట్టుకుని చనిపోతుంది. కుక్కను కట్టేసి, పెరటి తలుపు మూసి, తెల్లారిదాకా వదిలేయమనండి. గంటల తరబడి అరుస్తూ తిరుగుతున్నా, ఒంటి మీద ఈగలు ముసురుతున్నా, దగ్గర్లో తల్లి చచ్చిపడి ఉన్నా మాత్రం లైసెన్స్ ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయాలి. అప్పటికే ఎవరైనా ఎత్తుకొచ్చి ఉంటే, తీసినచోటే పెట్టి రావాలి. మనిషి చెయ్యి తగిలిందని తల్లి పిల్లను వదిలేస్తుందన్నది నిజం కాదు.

పిల్లలను వనస్థలిపురం హరిణ వనస్థలికి తీసుకెళ్తే కృష్ణజింకలు మేం దగ్గరికి పోకముందే పరుగు. ఎలా చూడాలి? జింక కొమ్ములు రాలుతాయంటారు, వీటివీ రాలుతాయా? (ఎల్బీనగర్)

రెండో ప్రశ్నకు ముందు జవాబు: రాలవు. కృష్ణజింక అసలు జింకల కుటుంబం కాదు, ఆవు, మేకల కుటుంబం. దాని కొమ్ము లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు. మెలికలు తిరిగి జీవితాంతం పెరుగుతుంది. దుప్పి, కణితి, అమెరికా తెల్లతోక జింక కొమ్ములు వట్టి ఎముక. ఏటా రాలి, మఖమల్ లాంటి తోలు కప్పుకుని మళ్లీ మొలుస్తాయి. ఆ తోలులో రక్తం పారుతుంటుంది, కొమ్ము గట్టిపడ్డాక చెట్లకు రుద్ది వదిలించుకుంటాయి.

హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు వచ్చింది. కృష్ణజింక బయలు నేల జంతువు. దాక్కోవడం దానికి తెలియదు, దూరం నుంచే చూసి పరిగెత్తడమే దాని రక్షణ. గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. నిలబడి వచ్చే మనిషి ఆకారం దానికి వెంటనే తెలుస్తుంది. వాహనంలో ఉన్నంతసేపు అంతగా పట్టించుకోదు, కాబట్టి దిగకండి. నేరుగా వాటి వైపు పోనివ్వకుండా పక్కగా దాటిపోతున్నట్టు నెమ్మదిగా తీసుకెళ్లమని డ్రైవర్‌కు చెప్పండి. అవి తల ఎత్తి చూస్తే ఆగండి, మళ్లీ తల దించి మేసేదాకా కదలకండి. పిల్లలు వేలు చూపించడం, చెయ్యి బయట పెట్టడం అన్నిటికంటే ఎక్కువ బెదరగొడుతుంది.

ఒక నల్లటి ఇర్రి, అంటే మగ కృష్ణజింక, ఒక్కటే ఒకచోట నిలబడి ఉంటే దాని కాళ్ల దగ్గర నేలను బైనాక్యులర్‌తో చూడండి. పెంటికల కుప్ప ఉంటుంది. అది తన హద్దు రాయి. రోజూ అక్కడికే వచ్చి వేస్తుంది. కంటి కింద చీలికలా కనిపించే గ్రంథిని గడ్డి పోచ కొనకు రాసి నల్లటి జిగురు అంటిస్తుంది. పక్క ఇర్రి హద్దు దాటితే తల పైకెత్తి, తోక మడిచి, చెవులు వాల్చి బిర్రుగా నడుచుకుంటూ పోతుంది. పిల్లలకు ఆ నడక చూపించండి, పరుగు కంటే బాగుంటుంది.

టెక్సాస్‌లో మన దుప్పులను వేటాడతారని మా బావగారు అంటున్నారు. నిజమేనా? (సంతోష్‌నగర్)

నిజమే. 1932లో మన చుక్కల దుప్పులను అక్కడికి తీసుకెళ్లి వదిలారు. యాక్సిస్ డీర్ అంటారు. కంచెలు దాటి బయటపడి కొండ ప్రాంతమంతా పెరిగిపోయాయి. అక్కడి చట్టంలో అవి బయటి జంతువులు, వాటికి మూసిన సీజన్ లేదు. లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. కృష్ణజింక, మనుబోతు కూడా టెక్సాస్‌లో ఉన్నాయి.

తెల్లతోక జింక తెలిసిన వేటగాడు దుప్పి దగ్గర తడబడతాడు. తెల్లతోక పోతులన్నీ ఒకే కాలంలో కొమ్ములు రాల్చి ఒకే కాలంలో జతకడతాయి. దుప్పి ఉష్ణ దేశపు జంతువు, ఒక్కో పోతుకు ఒక్కో లెక్క. ఒకే మందలో ఒకటి గట్టి కొమ్ములతో, ఒకటి మఖమల్ తోలుతో, ఒకటి బోడితలతో ఉంటాయి. చిలుకూరు మృగవనికి ఏ నెలలో వెళ్లినా ఇది మీ కళ్లతోనే చూడొచ్చు. పైగా దుప్పి మందలో బతుకుతుంది. ఒక జింకను మోసం చేయడం వేరు, 30 ముక్కులను, 60 చెవులను మోసం చేయడం వేరు.

జింక తోక ఎత్తడం, కాలు నేలకేసి కొట్టడం దేనికి సూచన? అమెరికా జింకకూ, మన జింకకూ తేడా ఉందా? (టీచర్, అమీర్‌పేట)

చాలావరకు ఒకటే. అనుమానం వస్తే ముంగాలు ఎత్తి నేలకేసి కొడుతుంది. ఎదుటిదాన్ని కదిలించి చూడాలని, పక్కవాటికి చెప్పాలని. తెల్లతోక జింక గిట్టల చీలికలో గ్రంథి ఉంటుంది, కొట్టిన ప్రతిసారీ నేలకు ఆ వాసన అంటుతుంది. ప్రమాదం ఖాయమైతే ముక్కుతో బుస్సుమని ఊది, తోక నిలువుగా ఎత్తి ఉరుకుతుంది. ఆ తెల్లజెండా పక్కవాటికి హెచ్చరిక, తరిమేదానికి ‘నిన్ను చూశాను, ఇక నీ శ్రమ వృథా’ అన్న మాట. చుక్కల దుప్పి తోక అడుగు కూడా తెల్లనే, అదీ అలాగే ఎత్తుతుంది. దాని హెచ్చరిక సన్నటి కీచుకేక. కణితిది గంట కొట్టినట్టు ఒక్క గట్టి కూత. నల్లమలలో కణితి అదే పనిగా కూస్తుంటే గైడు మాటలు ఆపేసి అటే చూస్తాడు, అది ఊరికే అరవదని తెలుసు.

తోక పక్కలకు ఒకసారి ఊపితే నిశ్చింత. కొండముచ్చులున్న చెట్టు కింద దుప్పులు మేయడం గమనించండి. పైనుంచి కొండముచ్చులు తుంచి పడేసే ఆకులు, కాయలు వీటికి మేత. కొండముచ్చు కంటికీ దుప్పి ముక్కుకూ కలిపి పులి దొరికిపోతుంది. పిల్లలకు చెప్పడానికి ఇంకొకటి: జింక తల వంచి మేస్తున్నట్టు నటించి, మీరు కదలగానే చటుక్కున తల ఎత్తుతుంది. మేతలో నోరు ఆడుతోందో లేదో చూస్తే నటనో నిజమో తెలిసిపోతుంది.

గచ్చిబౌలి యూనివర్సిటీ క్యాంపస్‌లో దుప్పులకు బ్రెడ్, అన్నం పెట్టవచ్చా?

పెట్టకండి. దుప్పి కడుపులోని సూక్ష్మజీవులు ఆకు, గడ్డిని జీర్ణం చేయడానికి అలవాటుపడినవి. పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి, నెమరు ఆగిపోయి, జంతువు కూలిపోతుంది. మంచుకాలంలో జాలిపడి మొక్కజొన్న పోసి తెల్లతోక జింకలను ఇలాగే చంపుకుంటున్నారు. కవరుతో సహా తినేస్తే ఆ ప్లాస్టిక్ ఇక బయటికి రాదు. మనిషికి మచ్చికైన దుప్పి కుక్కకు కూడా భయపడటం మానేస్తుంది.

మా అబ్బాయి ఫ్రీజర్ నిండా జింక మాంసం పెట్టాడు. తినడం సురక్షితమేనా? కూర వండితే కంపు వస్తోందట. (మెహిదీపట్నం)

అక్కడి జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా ఆ జబ్బున్న ప్రాంతమైతే పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా మాంసం వండకుండా ఉంచాలి. జబ్బు తేలితే పారేయాలి. మెదడు, వెన్నుపాము ఎలాగూ తినకూడదు. మన ఇళ్లల్లో తలకాయ కూర అలవాటు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం.

కంపుకు కారణం కొవ్వు. మేక కొవ్వులా కాదు, జింక కొవ్వు నాలుకకు మైనంలా అంటుకుంటుంది. కొవ్వును, పైన వెండి రంగులో మెరిసే పొరను కత్తితో పూర్తిగా తీసేసి వండమనండి. మెడ, ముంగాలి ముక్కలు కుక్కర్‌కు బాగుంటాయి. వెన్ను పక్కన పొడుగ్గా ఉండే మెత్తటి కండను మాత్రం కుక్కర్‌లో వేస్తే పీచులా తయారవుతుంది, పెనం మీద వేయించుకోవాలి. కీమా అయితే 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి. హైదరాబాద్‌కు వచ్చేటప్పుడు సూట్‌కేసులో మాంసం గానీ కొమ్ములు గానీ తేవద్దని గట్టిగా చెప్పండి.

చిలుకూరు దగ్గర మా విల్లాల్లోకి ఒక దుప్పిని కుక్కలు తరుముకొచ్చాయి. పట్టుకుని నీళ్లు తాగించాం, దెబ్బలేమీ లేవు. మర్నాడు చనిపోయింది. మా పొరపాటు ఏమిటి?

మీరు మంచి మనసుతోనే చేశారు. చంపింది మాత్రం దెబ్బ కాదు, ఆ పరుగు, ఆ భయం. ప్రాణభయంతో ఆగకుండా పరిగెత్తిన జింకలో ఒంటి వేడి పెరిగి, కండరాలు లోపలే చితికిపోతాయి. చితికిన కండరాల నుంచి రక్తంలోకి చేరే విషం మూత్రపిండాలనూ గుండెనూ దెబ్బతీస్తుంది. అప్పటికి బాగానే ఉన్నట్టు కనిపించి, గంటల్లోనో రోజుల్లోనో చనిపోతుంది. పట్టుకోవడం, చుట్టూ జనం, ఫోన్ ఫ్లాష్‌లు, బలవంతంగా నోట్లో పోసే నీళ్లు ఆ భయాన్ని పెంచుతాయి. పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

ఇంకోసారి వస్తే ముందు కుక్కలను తరిమి గేటు వేయండి. అది ఒక మూలకు చేరితే ఆ వైపు లైట్లు ఆర్పి, మనుషులను దూరం పంపండి. అడవి వైపు గేటు ఉంటే దాన్ని బార్లా తెరిచి వదిలేస్తే, అలసట తీరాక తనే పోతుంది. దారి లేకపోతే అటవీశాఖకు ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా కాపలా ఉండండి, ముట్టుకోకండి. కంచెలో ఇరుక్కుని తన్నుకుంటుంటే మాత్రం ముదురు రంగు గుడ్డతో కళ్లు కప్పండి, చీకటైతే చాలావరకు కదలడం ఆపేస్తుంది. పక్కకు పడేసి ఉంచొద్దు, పొట్టలో గాలి ఉబ్బి ఊపిరి ఆడదు. కాళ్లు మడిచి, ఛాతీ నేలకు ఆనేలా కూర్చోబెట్టి, తల ఎత్తి పట్టుకోండి. మాట్లాడకండి, మెల్లగా కూడా వద్దు.